చైనా–జపాన్ పేపరు

చరిత్ర ఎం.ఏ.లో ‘ఆధునిక చైనా, జపాన్’ అని ఒక పేపరు ఉండేది. నల్లమందు యుద్ధాలు, మెయిజీ పునరుద్ధరణ, 1911 విప్లవం బట్టీ కొట్టి పరీక్షలో దించేసి వస్తే గట్టెక్కినట్టే. ఆ పేపరు చెప్పే పని నా నెత్తిన పడింది. ఏటా అవే యుద్ధాలు, అవే ఒప్పందాలు చెప్పి చెప్పి నాకే విసుగు పుట్టి, ఆ దేశాల్లో మామూలు ఊళ్ల చరిత్ర రాసినవాళ్లను వెతుక్కుని చదవడం మొదలుపెట్టాను. అలా మొదలైంది, రిటైరైనా ఆగలేదు. ఇప్పుడు జనగామ, మానుకోట, భూపాలపల్లి దిక్కు నుంచి పరిశోధన పిల్లలు ఇంటికొస్తుంటారు. “సార్, ఏ టాపిక్ తీసుకోమంటారు?” అన్నది అందరి మొదటి ప్రశ్న. దానికి జవాబు చివర్లో చెబుతాను. ముందు ఇవి వినండి.

1. దూరపు ఊరి నుంచి ప్రశ్న తెచ్చుకో, జవాబు తెచ్చుకోకు.

1940 నుంచి 1942 దాకా జపాన్ సైన్యం ఉత్తర చైనాను ఆక్రమించుకుని ఉన్నప్పుడు, దక్షిణ మంచూరియా రైల్వే కంపెనీ పరిశోధకులు హెబెయ్, షాన్‌డాంగ్ రాష్ట్రాల్లోని ఆరు ఊళ్లలో సర్వే చేశారు. శిస్తు ఎవరు వసూలు చేస్తారు, తగాదా ఎవరు తీరుస్తారు, గుడి ఖర్చు ఎవరిది? ప్రశ్న, జవాబు అన్నీ మాటకు మాట రాసుకున్నారు. యుద్ధం అయ్యాక టోక్యోలో ఆరు సంపుటాలుగా అచ్చయింది. ఆ కాగితాల మీదే ఫిలిప్ హువాంగ్ 1985లో, అస్సాంలో పుట్టిన మన ప్రసేన్‌జిత్ దువారా 1988లో పెద్ద పుస్తకాలు రాశారు. దువారా చెప్పింది క్లుప్తంగా ఇదీ: సర్కారు పిండుడు పెరిగేకొద్దీ, ఊరికీ సర్కారుకూ నడుమ నిలబడ్డ మర్యాదస్తులు ‘మాకెందుకీ పాపం’ అని తప్పుకున్నారు. ఆ కుర్చీలోకి లాభం చూసుకునే దౌర్జన్యపరులు వచ్చి కూర్చున్నారు.

ఇది చదివిన మా పిల్లాడొకడు ఎగిరి గంతేసి, “సార్, ఇది అచ్చం విసునూరు దొర కథ” అన్నాడు. కాదు బిడ్డా. మన దేశ్‌ముఖ్‌లు వంశపారంపర్యంగా వసూలు హక్కు ఉన్నవాళ్లు. 1860లలో సాలార్‌జంగ్ సంస్కరణలతో ఆ పని పోయినా రుసుం మిగిలింది, భూమి మిగిలింది, పలుకుబడి ఇంకా పెరిగింది. ఇక్కడ మర్యాదస్తుడు తప్పుకున్నదీ లేదు, కొత్తవాడు వచ్చిందీ లేదు. చైనా జవాబును తెచ్చి జనగామ తాలూకాకు అతికిస్తే అతకదు. కానీ ఆయన వేసిన ప్రశ్న ఉంది చూశారూ, ఊరికీ సర్కారుకూ నడుమ నిలబడ్డది ఎవరు, అతనికి బలం ఎక్కడిది అన్నది, దాన్ని మాత్రం జేబులో వేసుకుని కడవెండి పోవచ్చు, పాలకుర్తి పోవచ్చు. 1946 జులై 4న దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు నేలకొరిగిన కడవెండిలో ఆ ప్రశ్నకు వచ్చే జవాబు హెబెయ్‌లో రాదు.

2. ఎవరు అడిగారో ముందు రాసుకో.

ఆ ఆరు ఊళ్ల రైతులు ఆక్రమించుకున్న దేశం మనుషులకు జవాబులు చెప్పారు. భయం ఉంటుంది, దాపరికం ఉంటుంది. అయినా పండితులు ఆ సంపుటాలను పారేయలేదు. ఏ ప్రశ్నకు రైతు నిజం దాస్తాడు, ఏ ప్రశ్నకు దాచాల్సిన పని లేదు అని విడదీసుకుని చదివారు. పొలం ఎంత అంటే తగ్గించి చెబుతాడు. మేనమామ పెళ్లికి ఏం పెట్టాడంటే ఎందుకు అబద్ధమాడతాడు?

నిజాం రాజ్యంలో 1920లో సయ్యద్ సిరాజుల్ హసన్ కులాల మీద అచ్చువేసిన పెద్ద గ్రంథాన్ని మా పిల్లలు వేదంలా ఎత్తి రాస్తుంటారు. కొందరేమో సర్కారు పుస్తకమని ముట్టుకోరు. ఇద్దరికీ నా మాట ఒకటే. అధికారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషిని ఊహించుకుని చదవండి.

3. కాలమ్‌లో ఉన్నదాన్ని బట్టి మనిషిని లెక్కకట్టకు.

జపాన్ చరిత్రకారుల్లో నాకు బాగా ఇష్టమైనవాడు అమినో యోషిహికో. నోటో ద్వీపకల్పంలో తోకికుని అనే పాత కుటుంబం ఇంట్లో కాగితాలు తవ్వాడాయన. సర్కారు రిజిస్టరులో ‘భూమి లేనివాడు’ అని రాసి ఉన్నవాళ్లలో కొందరు ఓడలున్న షావుకార్లని తేలింది. వాళ్లకు భూమితో పని లేదు కాబట్టి కొనలేదు. అంతే! రిజిస్టరు చూసి నిరుపేదలని రాసుకున్న పండితులంతా మళ్లీ లెక్క చూసుకోవాల్సి వచ్చింది. జపాన్ అంటే వరి పండించే రైతుల దేశమన్న నమ్మకాన్నే ఆయన కదిలించాడు.

మనకు 1954–55 కాస్రా పహాణీ ఉంది. భూమి తగాదా వచ్చిందంటే అందరూ దాని దగ్గరికే పోతారు. పరిశోధకుడు కూడా దాన్నే పట్టుకుంటే, పట్టా కాలమ్‌లో పేరు లేని కుమ్మరి, కంసాలి, గొల్ల, లంబాడా అందరూ ఒకే గాటన ‘భూమి లేనివాళ్లు’ అయిపోతారు. పెంబర్తిలో ఇత్తడి రేకును సుత్తితో కొట్టి రథానికి, గుడి తలుపుకు తొడుగు చేసిన విశ్వకర్మల బతుకు ఏ పహాణీలో దొరుకుతుంది? మంద లెక్క, మగ్గం లెక్క, కొలిమి లెక్క వేరే అడగాలి.

4. కాగితం తిప్పి వెనకవైపు చూడు.

నారా నగరంలో షోసోయిన్ అనే చెక్క భాండాగారం ఉంది. జపాన్‌లో ఇప్పటికి మిగిలిన అతి పాత ఇంటింటి జనాభా లెక్కలు, క్రీ.శ. 702 నాటివి, అందులో దొరికాయి. వాటిని ఎవరూ దాచిపెట్టలేదు. గడువు తీరిన రిజిస్టర్లను తోదాయ్‌జీ ఆలయంలో బౌద్ధ సూత్రాలు నకలు రాసే కార్యాలయానికి ఇస్తే, వాళ్లు వెనకవైపు తమ లెక్కలు రాసుకున్నారు. ఆ లెక్కల కాగితాలు ఆలయం ఆస్తిగా మిగిలాయి, వాటితో పాటు వెనకున్న జనం మిగిలారు. తోకికుని ఇంట్లో కూడా జారుడు తలుపుల లోపల అస్తరుగా అంటించిన చిత్తు కాగితాలు విప్పితేనే వ్యాపారం సంగతి బయటపడింది. ఇంటివాళ్లు జాగ్రత్త చేసిన దస్తావేజుల్లో కుటుంబం గొప్పలే ఉన్నాయి. పారేసినవాటిలో అసలు సంపాదన ఉంది.

మన ఇళ్లలో ఈ అస్తరు ఎక్కడ ఉందో చెబుతాను. పాత కాగితాలు నానబెట్టి, మెంతులు కలిపి రుబ్బి, ఆ గుజ్జును చాటలకు, గంపలకు పూసేవాళ్లు. పట్వారీ ఇంటి దఫ్తరు ఎన్ని చాటలకు పోయిందో! గుజ్జైనదాన్ని ఎవరూ చదవలేరు కానీ, తొందరలో రుబ్బకుండా ముక్కలుగా అంటించిన చోట అక్షరాలు కనబడతాయి. అటక మీద పాత గంప దించినప్పుడు బోర్లించి చూడండి. షావుకారి ఖాతా పుస్తకం అట్ట లోపల, దేవుడి పటం వెనకాల కట్టిన దళసరి కాగితం, పెళ్లి పత్రిక వెనక రాసిన చదివింపుల జాబితా... ఇవన్నీ చూడదగ్గవే. భూపాలపల్లి దిక్కు గనుల కోసం ఇళ్లు ఖాళీ చేసే చోట్లకు ఈ పని మీద ముందే వెళ్లాలి. ఇల్లు కూలాక వెళితే ఏం మిగలదు.

5. తెచ్చింది తిరిగియ్యి.

అమినో కథ ఇంకొకటి ఉంది. ఇది ప్రతి పరిశోధక విద్యార్థికీ చెబుతాను.

యుద్ధం ముగిశాక 1949లో జపాన్‌లో మత్స్య పరిశోధన సంస్థ ఒకటి దేశమంతా తిరిగి, సముద్రపు ఒడ్డు పల్లెల్లో పాత పత్రాలు అరువు తెచ్చింది. నకలు రాసుకుని పంపిస్తాం అన్నారు. కుర్రవాడైన అమినో అక్కడే ఉద్యోగి. 1955 నాటికి డబ్బు ఆగిపోయింది, పని ఆగిపోయింది. పత్రాలు మాత్రం పెట్టెల్లోనే ఉండిపోయాయి. ఇచ్చినవాళ్లు ఉత్తరాలు రాశారు, తిట్టారు, కొందరు చచ్చిపోయారు. కనగావా విశ్వవిద్యాలయానికి వచ్చాక 1980ల నుంచి అమినో ఆ మూటలు పట్టుకుని ఊరూరా తిరిగాడు. గుమ్మం ముందు తలవంచి క్షమాపణ అడిగి, కాగితాలు ఇంటివాళ్ల చేతిలో పెట్టాడు. తిడతారనుకుంటే చాలా చోట్ల కూర్చోబెట్టి అన్నం పెట్టారు, ‘ఇంకొన్ని ఉన్నాయి, చూస్తారా’ అన్నారు. తోకికుని ఇంటితో ఆయన పరిశోధన చిక్కబడింది అలా తిరిగి వెళ్లిన తర్వాతే. ఆ ప్రయాణం మీద 1999లో ఒక చిన్న పుస్తకం రాశాడు. నాకు తెలిసినంతలో చరిత్ర పరిశోధన పద్ధతుల మీద అంతకన్నా మంచి పుస్తకం లేదు, అందులో పద్ధతుల ఊసే లేకపోయినా.

మన దగ్గర కులపురాణాలు చెప్పేవాళ్ల దగ్గర రాగిరేకులు ఉంటాయి. ఫలానా ఊళ్లలో అడుక్కునే హక్కు తమదేనని చూపించే పత్రం అది. ఆ రేకు పోతే మిరాశీ పోయినట్టే. “ఫొటో తీసుకుని రేపిస్తా” అని తీసుకుపోయి, పీహెచ్‌డీ పట్టా వచ్చాక ఫోన్ ఎత్తని మహానుభావులు ఉన్నారు. తర్వాత అదే ఊరికి నువ్వు వెళితే, “ఇంతకుముందు ఒక సారొచ్చి కొంటవోయిండు, ఇంక తేలే” అని తలుపేసుకుంటారు. వాళ్ల వాకిట్లోనే కూర్చుని ఫొటో తీసుకో. అచ్చయిన పుస్తకం ఒకటి వాళ్లకియ్యి. చదవడం రాకపోయినా సరే, పెట్టెలో పెట్టుకుంటారు.

6. సంవత్సరం అడగకు.

గెయిల్ హర్షాటర్ అనే అమెరికన్ పండితురాలు, గావ్ షియావ్‌షియాన్ అనే చైనా పరిశోధకురాలితో కలిసి షాన్‌షీ పల్లెల్లో 72 మంది ముసలమ్మలను మాట్లాడించింది. 2011లో పుస్తకం వచ్చింది. చైనా చరిత్ర అంటే మనం భూసంస్కరణ, గొప్ప ముందడుగు అంటూ ఉద్యమాల వరసలో చెబుతాం. ఆ ముసలమ్మల జ్ఞాపకం ఆ వరసలో నడవలేదు. పెద్దకొడుకు పుట్టిన ఏడు, పత్తి ఏరిన ఏడు, పాప పోయిన ఏడు: ఇలా లెక్క చెప్పారు. రాజ్యం కాలం ఒకటి, ఆడవాళ్ల కాలం ఒకటి అని ఆవిడకు అర్థమైంది.

దానికి పాతికేళ్ల ముందే, 1986లో, హైదరాబాద్‌లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో నడిచిన ఆడవాళ్లు తమ నోటితో చెప్పినదాన్ని చెప్పినట్టే అచ్చువేశారు. పేరున్న నాయకుల ఆత్మకథల్లో లేని వంట, కాన్పు, భయం, పోరాటం ఆగిపోయాక ఇంటికి పొమ్మన్నప్పటి కోపం అందులో ఉన్నాయి. మా పిల్లలు ఇంగ్లీషు పుస్తకాలు వెతికే ముందు ఇది చదవాలి.

ఊళ్లోకి పోయి “అవ్వా, అది 1947లోనా 48లోనా?” అంటే అవ్వ నీకోసం ఏదో ఒకటి చెప్పి పంపిస్తుంది. “రజాకార్లొచ్చిన్నాడు నీ చంకల ఎవరున్నరు?” అని అడుగు. చంకలో ఉన్న పిల్ల పేరు చెబుతుంది, ఆ పిల్ల ఇప్పుడు ఏ ఊళ్లో ఉందో చెబుతుంది. సంవత్సరం నువ్వు లెక్కేసుకోవచ్చు.

7. పద్యం కూడా పత్రమే.

సురవరం ప్రతాపరెడ్డి 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ వేశారు. కేంద్ర సాహిత్య అకాడమీ 1955లో తెలుగుకు ఇచ్చిన మొదటి బహుమతి దానికే. రాజుల్ని పక్కనబెట్టి తిండి, బట్ట, ఆట, నమ్మకం కావ్యాల్లోంచి ఏరి చూపించారు. ఆ పనికి బాగా అక్కరకొచ్చినవాడు మన పాలకుర్తివాడే, పాల్కురికి సోమనాథుడు. ఆయన తుమ్మెద పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు అని పేర్లు రాసి పెట్టకపోతే ఆ కాలం జనం ఏం పాడుకున్నారో మనకు తెలిసేదే కాదు. 1918లో పెకింగ్ విశ్వవిద్యాలయం ఊళ్లలో పాడుకునే పాటలు పంపమని ప్రకటన ఇస్తే చైనా మేధావులు కొందరు ముక్కు విరిచారట. ముక్కు విరిచేవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉంటారు.

8. పటం ఎవరిదన్న తగాదాకు పోకు.

మొన్నమొన్నటిదాకా జనగామ దిక్కుదే అయిన చేర్యాల 2016లో సిద్దిపేట జిల్లాకు పోయింది. జిల్లా మారినా అక్కడి నకాషీ చిత్రకారుల పటం మారలేదు. ఖద్దరు గుడ్డకు సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూసి, ఆరాక ఎర్రటి నేపథ్యం మీద బొమ్మలు వేస్తారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, రజకులకు మడేల్ పురాణం, మాదిగలకు జాంబ పురాణం: కథకుడు పటాన్ని గడి గడిగా విప్పుతూ, పుల్లతో బొమ్మను చూపిస్తూ రాత్రంతా చెబుతాడు.

1900లో చైనా ఎడారి అంచున దున్‌హువాంగ్ గుహలో వాంగ్ యువాన్‌లు అనే తావో పూజారికి వేల వ్రాతప్రతులు కనబడ్డాయి. వాటిలో మామూలు వాడుక భాషలో రాసిన కథలున్నాయి. బొమ్మలు చూపిస్తూ చెప్పినవని వాటి తీరు చూస్తేనే తెలుస్తుంది. జపాన్‌లో కూడా మధ్యయుగాల్లో కుమానో సన్యాసినులు స్వర్గనరకాల పటం విప్పి, వీధుల్లో కథ చెప్పి, అడుక్కునేవాళ్లు. విక్టర్ మెయిర్ 1988లో ఒక పుస్తకం రాసి, చైనాలో ఈ బొమ్మల కథ చెప్పడానికి మూలం భారతదేశమన్నాడు. బౌద్ధంతో పాటు మధ్య ఆసియా దారిలో పోయిందని ఆయన వాదం.

దీన్ని వినగానే ఛాతీ ఉప్పొంగి ‘చేర్యాల నుంచి చైనాకు’ అని వ్యాసం రాసేయబోతారు. మెయిర్ మాట్లాడింది వెయ్యేళ్ల కిందటి సంగతి. మనకు దొరికే చేర్యాల పటాల వయసు అంత లేదు. ఆ రెంటికీ నడుమ దారం ఎవరి చేతిలోనూ లేదు. నేనైతే వేరేది పోల్చి చూస్తాను. కుమానో సన్యాసిని ఎవరు ఎదురొస్తే వాళ్లకు కథ చెప్పింది. మన కూనపులివాడు పద్మశాలీలకే చెబుతాడు, డక్కలివాడు మాదిగలకే. అక్కడ శ్రోత దారిన పోయే భక్తుడు, ఇక్కడ శ్రోత పుట్టుకతోనే కట్టుబడ్డ కులం. కథకుడికి కూలి ఎవరిస్తారన్నదాన్ని బట్టి కథ ఎట్లా మారుతుంది? ఇంతవరకు దీన్ని ఎవరూ పూర్తిగా తవ్వలేదని నా అభిప్రాయం.

9. వంశావళి అబద్ధమని తేలినచోటే పని మొదలవుతుంది.

2021 జులై 25న రామప్పకు ప్రపంచ వారసత్వ గుర్తింపు ఇచ్చిన సమావేశం చైనాలోని ఫూజౌ నగరం వేదికగా జరిగింది. మన పత్రికలన్నీ ఫూజౌ పేరు ఒకరోజు రాసి వదిలేశాయి. ఆ ఫూజౌ చుట్టుపక్కల వంశాల మీదే మైకేల్ సోన్యీ 2002లో పుస్తకం రాశాడు. అక్కడ చాలా వంశాలు తమ మూలపురుషుడు ఉత్తరాన హెనాన్ నుంచి వచ్చాడనే రాసుకున్నాయి. చాలామందికి అది కుదరని మాట. స్థానిక తెగలవాళ్లు, పడవల మీద బతికినవాళ్లు కూడా అదే రాసుకున్నారు. సోన్యీ వాళ్లను అబద్ధాలకోరులని తీసిపారేయలేదు. సైన్యానికి మనిషిని పంపే బాధ్యత, శిస్తు, ఇంటి రిజిస్టరు, పరువు... వీటిలో ఏ అవసరానికి ఏ తాత పుట్టుకొచ్చాడో చూపించాడు.

మానుకోట జిల్లా బయ్యారం చెరువు శాసనంలో గణపతిదేవుడి సోదరి మైలమ కాకతీయుల పూర్వులను వెన్నడి నుంచి వరసగా చెప్పించింది. కాకతీయుల తొలితరాల గురించి మాట్లాడాలంటే ఆ రాయి లేకుండా కుదరదు. అదే గణపతిదేవుడు 1244 నాటి మోటుపల్లి శాసనంలో సూర్యవంశం వాడినంటాడు. ఇంకా చాలా శాసనాలు కాకతీయులది చతుర్థ కులమనే చెబుతాయి. ఏది నిజమని కొట్లాడుకుంటూ తరాలు గడిచాయి. మోటుపల్లి రేవు, అక్కడికి ఓడల మీద దూరదేశాల వర్తకులు వస్తారు, సుంకాల పట్టికలో చీనా కర్పూరం కూడా ఉంది. అలాంటిచోట సూర్యుడి దాకా పోయిన వంశం, సొంత మాగాణంలో చెరువు కట్ట మీద ఎందుకు వెన్నడి దగ్గరే ఆగింది? నేను అడగమనేది ఇది.

10. భాష గురించి ఒక్క మాట.

నాకు చైనీస్ రాదు, జపనీస్ రాదు. చదివిందంతా ఇంగ్లీషు ద్వారానే. మీకు ఆ కర్మ లేదు. హైదరాబాద్ ఇఫ్లూలో రెండూ చెబుతారు. ముందు మాత్రం పాత ఉర్దూ దఫ్తరు చదవడం నేర్చుకోండి. మన తాలూకాల కాగితాలు సగం అందులోనే ఉన్నాయి.

11. ఇక టాపిక్ సంగతి.

దువారా పుస్తకంలో హెబెయ్‌లోని ఒక చోట నీళ్ల సంఘాల గురించి ఉంటుంది. కాలువ మీద ఒక్కో తూము కింది ఊళ్లకు ఒక్కో సంఘం, ఒక్కో సంఘానికి నాగరాజు గుడి. నీటి తగాదా వస్తే గుడి దగ్గరే పంచాయితీ. ఏ గుడికి ఏ గుడి పెద్దదో చూస్తే ఏ ఊరికి నీళ్ల మీద ఎంత పట్టుందో తెలిసిపోతుంది. పూజ వేరు, పారకం వేరు కాదక్కడ.

బయ్యారం చెరువు తవ్వించి ఎనిమిది వందల ఏళ్లు. దాని శాసనాన్ని రాజవంశం కోసం ఎంతోమంది చదివారు, ఆయకట్టు కోసం చదివినవాళ్లు తక్కువ. కట్ట మీదికి పో. మత్తడి దూకిన ఏడు ఏ ఊరి పొలాలు మునిగేవి, ఎండిన ఏడు మొదటి తడి ఎవరిది? తూము తీసే నీరటి ఏ కులం, అతనికి గింజలు కల్లం దగ్గర ఎంత కొలిచేవాళ్లు? కట్ట మైసమ్మకు ఏట ఎవరు కోస్తారు, తలకాయ ఎవరికి పోతుంది, ఏ ఊరి బోనం ముందు నడుస్తుంది? పట్టాదారు మారినప్పుడు ఆ వరస మారిందా? నీరటి ఇంట్లో పాత రసీదులుంటే అక్కడే ఫొటో తీసుకుని, అక్కడే ఇచ్చేసి రా.